మురుంగపాక్కం మీదుగా

డిసెంబరు 2

మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. మా చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళకు కరువు లేదు గాని, తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు నాకు తెలిసి ఈ తమిళ ఊళ్ళో ఇద్దరమే. చిన్నప్పుడు మా తాత గచ్చు మీద ముగ్గుపిండి పరిచి, వేలు పట్టుకుని దిద్దించింది మా ఇద్దరికే. ఆ రెండో మనిషితో ఇప్పుడు నాకు మాటల్లేవు. అందుకని ఏం రాసుకున్నా భయం లేదు.

మా ఆయన పక్కనుంచి తొంగి చూసి, "ఏందది సౌభాగ్యం, జాంగ్రీలు చుడతా ఉండావా?" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే హాస్యం. గోవిందస్వామి గారు రిటైరయ్యాక కొత్త బనీన్లు కొనుక్కున్నారు గాని, కొత్త హాస్యం మాత్రం సంపాదించుకోలేదు.

సైకిలు చైనుకు నూనె వేశాను. బాగుంది. నేనూ బాగున్నాను.

డిసెంబరు 4

రెడ్డియార్‌పాళయంలో మా ఇంటి నుంచి ఊళ్ళోకి తిన్నగా పోయే రోడ్డుకు ఒక పక్కన ఆకుపచ్చ రంగు వేశారు. సైకిళ్ళకు మాత్రమేనట. మధ్యమధ్యలో తెల్లగా సైకిలు బొమ్మ కూడా వేశారు. ఇళ్ళ గడపలకు ఆనుకునే పోతుంది. దాని మీద ఇప్పుడు ఒక ఇళనీరు బోండాల బండి, టూరిస్టులకు అద్దెకిచ్చే స్కూటర్లు, ఎవరిదో పాత చాప మీద ఎండబెట్టిన వడియాలు ఉన్నాయి. ఇవన్నీ నేను ఆ దారిన పోయి చూసినవి కావు. ఆదివారం బస్సులోంచి చూశాను. బస్సులోంచి చూడటం వేరు.

నా దారి మురుంగపాక్కం మీదుగా. ఈ మధ్యనే మార్చుకున్నాను. అక్కడే ఇవాళ ఒక అమ్మాయి అడ్డంగా నిలబడి ఆపింది. పేరు దీప. కాలాపేట యూనివర్సిటీలో చదువుతోందట. సైకిలు తొక్కేవాళ్ళు ఏ దారిన పోతారు, ఎందుకు పోతారు, కొత్తగా వేసిన దారిన ఎందుకు పోరు అన్నది ఆ పిల్ల చదువు. ఇలాంటిదానికి కూడా పట్టా ఇస్తారని నాకు తెలియదు. మేం మాట్లాడుకున్నదంతా తమిళంలోనే. ఇక్కడ నా భాషలో రాసుకుంటున్నాను.

"ఇల్లెక్కడ ఆంటీ?"

"రెడ్డియార్‌పాళయం."

"ఆఫీసు?"

"సముద్రం దగ్గర, పోస్టాఫీసు."

ఆ పిల్ల ఫోనులో మ్యాపు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ మ్యాపు చూసింది. "మీరు తూర్పుకు పోవాలి కదా, ఇంత దక్షిణానికి ఎందుకొచ్చారు?"

ఆ రోడ్డులో పొద్దున ఎండ ఎదురుగా కళ్ళలో కొడుతుందని చెప్పాను. సూర్యుడు ఈ రోడ్డులో కూడా తూర్పునే కదా ఉంటాడని అడిగింది. కుక్కలున్నాయన్నాను. మేం మాట్లాడుతున్నంతసేపూ మురుంగపాక్కం కుక్క ఒకటి నా చీర కుచ్చిళ్ళ దగ్గరే నిలబడి వాసన చూస్తోంది. గాజుపెంకులు, స్పీడుబ్రేకరు, మలుపు దగ్గర బళ్ళు... నోటికొచ్చినవన్నీ చెప్పాను. పాపం, అన్నీ రాసుకుంది. మంచి పిల్ల. మర్యాద తెలిసిన పిల్ల. కొంచెం ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది.

డిసెంబరు 5

పిక్కలు పీకుతున్నాయి. చలికి అయ్యుంటుంది.

డిసెంబరు 9

దీప నా ఫోనులో ఒకటి ఎక్కించింది. సైకిలెక్కేముందు నొక్కితే చాలు, నేను పోయిన దారంతా గీతలా పడుతుంది. ఇవాళ పోస్టాఫీసుకే వచ్చి ఆ గీత చూపించింది. ఇంటి నుంచి బయల్దేరి కొంతదూరం తిన్నగా పోయి, సరిగ్గా ఒక వీధి మొదట్లో ఆగి, అక్కణ్ణించి కిందికి దిగి, మురుంగపాక్కమంతా తిరిగి, మళ్ళీ పైకెక్కి ఊళ్ళో పడుతోంది.

ఆ మలుపు మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏముంది ఆంటీ?" అంది.

"ఏమీ లేదు. ఇళ్ళు."

"ఎవరివి?"

"ఎవరివో ఒకరివి."

ఎవరిదో ఇక్కడ రాసుకుంటే తప్పేముంది? రాజాత్తిది. ఆ ఆకుపచ్చ రోడ్డు మీదే వాళ్ళిల్లు. మా మేనత్త కూతురు. నాకంటే ఏడాది పెద్దది, వరసకు వదిన. ఆమె మిల్లుకు, నేను పోస్టాఫీసుకు, పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ పక్కపక్కనే సైకిళ్ళు తొక్కుకుంటూ పోయినవాళ్ళం. పొద్దున్నే వాళ్ళింటి ముందు నేను బెల్లు రెండుసార్లు కొడితే చాలు, ఆమె జడ అల్లుకుంటూనే సైకిలు దించేది. రెండేళ్ళ కిందట మోకాలికి ఆపరేషనయ్యాక ఆమె సైకిలు ఎవరికో ఇచ్చేసింది. అయినా నేను ఆ గుమ్మం ముందు ఆగి, బెల్లు కొట్టి, కాఫీ తాగే పోయేదాన్ని.

మొన్న ఐప్పసి నెల వానల్లో రైలుగేటు దగ్గర నా ముందు చక్రం పట్టాల సందులో ఇరుక్కుని పడ్డాను. పెద్ద దెబ్బేమీ కాదు. వెనక టెంపోలో వస్తున్న రాజాత్తి దిగి, కుంటుకుంటూ వచ్చి లేపింది. "ఆయనకు చెప్పొద్దు వదినా" అన్నాను. తలూపింది. సాయంకాలానికి ఆయనకు తెలిసిపోయింది. ఇంకొక్కసారి పడితే సైకిలు పాతసామాన్ల బండికే అని ఆయన తీర్పు చెప్పేశారు.

ఎందుకు చెప్పావని అడగడానికి పోయాను. కీరై ఆకు ఒలుస్తూ, తలైనా ఎత్తకుండా అంది: "మనకింక సైకిలేందికే? వయసైపోలా?"

మన! ఆమె మోకాలు పోతే పోనీ పాపం, నేనే ఆస్పత్రిలో తోడున్నాను. కానీ అది మన మోకాలు ఎట్లా అవుతుంది? నా మోకాళ్ళు నావి. మంచివి. ఆ రోజు నుంచి మాటల్లేవు.

మా ఇళ్ళలో మాటలు మానుకుంటే ముందు పలికినవాళ్ళు ఓడినట్టు లెక్క. మా అమ్మా మేనత్తా ఒకసారి ఒక పెళ్ళి మొత్తం రోలుతో మాట్లాడుతూ నడిపించారు. "రోలమ్మా, సాంబారులో ఉప్పు చాల్లేదని ఆమెకు చెప్పు" అని ఈమె, "రోలమ్మా, నాలుక కడుక్కుని రమ్మని చెప్పు" అని ఆమె. రోలుతో అన్నది మాట కాదు. అందుకని ఎవరూ ఓడలేదు. అంత గట్టి వంశం మాది.

డిసెంబరు 12

"ఏమే, మురుంగపాక్కంలో చేపలు శానా బాగుంటాయంట గదా?" అన్నారాయన భోజనం దగ్గర.

నేను ఆ దారిన పోతున్నట్టు ఈయనకెవరు చెప్పారు? చేపల గురించి నాకేం తెలుసన్నాను. కొంజం సాంబారు పోయమన్నారు. పోశాను. మీసాల్లో నవ్వుకుంటున్నారు.

డిసెంబరు 16

మార్గళి, ముగ్గుల నెల, మొదలైంది. నాకు చివరికి ఒక నిజమైన కారణం దొరికింది!

ఆ పచ్చదారి గడపలకు ఆనుకునే ఉంది కదా. పైగా నున్నగా, కొత్తగా, ఒక్క గుంటైనా లేకుండా ఉంది. మార్గళి పొద్దున ఏ ఆడదానికైనా అంత మంచి నేల కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? వీధి వీధంతా పచ్చరంగు మీదే ముగ్గులు పెట్టేశారట. మెలికల ముగ్గులు, తామరపూలు, నెమళ్ళు, మధ్యలో పేడముద్దలో గుచ్చిన గుమ్మడిపూలు. సైకిలు బొమ్మ ఉన్నచోట దాన్ని కూడా కలుపుకుని, చక్రాల చుట్టూ చుక్కలు పెట్టారట. తడి ఆరని ముగ్గును ఎవరైనా తొక్కుతారా? సైకిళ్ళవాళ్ళందరూ ప్రతి ముగ్గు దగ్గరా పచ్చదారి దిగి, టెంపోల మధ్యలోకి పోయి, మళ్ళీ ఎక్కుతున్నారట. పాలవాడైతే అసలు ఎక్కడమే మానేశాడట.

దీప తల పట్టుకుంది. "ఎండ, కుక్క, గుంట, అన్నిటికీ ఫారంలో గడులున్నాయి ఆంటీ. దీన్ని ఏ గడిలో పెట్టాలో తెలియడం లేదు. మా అమ్మ కూడా ముగ్గు తొక్కితే ఊరుకోదు."

"నేనూ అందుకే ఆ దారిన పోను" అన్నాను.

"మీరు మార్గళికి ముందు నుంచే పోవడం లేదు కదా?"

చెప్పానుగా, కొంచెం ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది.

డిసెంబరు 19

ఇది నెమ్మదిగా రాయాలి. చెయ్యి ఇంకా కోపంగానే ఉంది.

దీప ఆ వీధిలో ముగ్గులన్నిటికీ ఫోటోలు తీసింది. కౌంటరు దగ్గర రద్దీ తగ్గాక చూపిస్తూ, "ఇది చూడండి ఆంటీ, ఈ ఇంట్లో ఎవరో గాని, ముగ్గు చివర ఏదో వింత వంకీలు పెడుతున్నారు. డిజైను బాగుంది కదా?" అంది.

అవి వంకీలు కావు. యా. డ.

యాడ.

మా తాత నేర్పిన అక్షరాలు. డ తలకట్టు అట్లా పొడుగ్గా సాగదీసేది ఒక్క మనిషే. తాత ఎన్నిసార్లు మొట్టినా మార్చుకోలేదు. ఊళ్ళోవాళ్ళందరి ముందు, ఆకుపచ్చరంగు మీద, తెల్లటి పిండితో, నన్ను నిలదీసి అడుగుతోంది. ఒక్కరికీ అర్థం కాదని ధైర్యం.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఫోటోలో వెనకాల ఉంది. వాళ్ళింటి గోడకు ఆనించి ఒక మోపెడు. సీటు చిరుగుకు నీలంరంగు టేపు. ఆ టేపు వేసింది నేనే.

ఇంటికి రాగానే అడిగాను. "పొద్దున రెండో కాఫీ యాడ తాగతా ఉండారు?"

ఆయన పేపరు దించనైనా దించలేదు. "ఆమెకూ నీకూ గదా కొట్లాట. కాఫీకీ నాకూ ఏం కొట్లాట?"

డిసెంబరు 20

రాసింది మాట కింద లెక్కకొస్తుందా? రోలుతో అన్నది రానప్పుడు రోడ్డు మీద రాసింది కూడా రాదు. కాబట్టి ఆమె ఇంకా ఓడలేదు. గట్టి మనిషి.

నేను కూడా.

డిసెంబరు 22

ఆదివారం. యాడ అంటే యాడ ఉండావు అనా, యాడికి పోతా ఉండావు అనా? ఊరికే ఆలోచన వచ్చింది. నాకేమీ పట్టింపు లేదు.

డిసెంబరు 23

ఇవాళ ఫోటోలో కొత్త మాట. నెమలి తోక కింద, చక్కగా, తీరిగ్గా: పిరికి.

రేపు ఆ దారినే పోతాను. తల ఎత్తుకుని, వాళ్ళ గుమ్మం ముందు నుంచే, బెల్లు కొట్టకుండా పోతాను.

డిసెంబరు 24

పోయాను.

మంచు పట్టి ఉంది. కోవెల మైకులో పాట. ఆ రోడ్డు ఎంత బాగుందో ఒప్పుకోవాలి. పెడలు మీద కాలు పెడితే చాలు, సైకిలు తనంతట తనే పోతోంది. మొదటి ముగ్గు దగ్గర దిగాను, ఎక్కాను. రెండోది, మూడోది కూడా తప్పించాను. వాళ్ళిల్లు దగ్గరయ్యేసరికి మెడ బిగించి నేరుగా ముందుకే చూస్తున్నాను. ముందుకు చూసేవాళ్ళకు నేల కనబడదు. కనబడేసరికి చక్రం ముందే ఉంది ముగ్గు, తడితడిగా, వీధిలో అన్నిటికంటే పెద్దది.

ఎంత కోపమున్నా ఆమె ముగ్గు మీద చక్రం పోనివ్వలేకపోయాను. హ్యాండిలు కుడికి తిప్పేశాను, వెనక్కి చూడకుండా. వెనకనే టెంపో. దాని హారను నా చెవిలోనే మోగింది.

ఎవరో నా సైకిలు క్యారియరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. సైకిలూ నేనూ పచ్చదారి మీద పడ్డాం. టెంపో పోయింది. డ్రైవరు ఏదో తిట్టి పోయాడు.

లేచి చూస్తే రాజాత్తి. ఆపరేషనైన మోకాలితో గుమ్మం నుంచి అక్కడిదాకా ఎట్లా పరిగెత్తిందో ఆ దేవుడికే తెలియాలి. పరిగెత్తింది ముగ్గు మీద నుంచే. నెమలి మెడా తోకా చెరిగిపోయి, ఆమె అరికాళ్ళ నిండా పిండి. గుమ్మడిపూవు నలిగిపోయింది. నేను తొక్కకూడదని ప్రాణం మీదికి తెచ్చుకున్న ముగ్గును ఆమె తనే తొక్కేసింది.

"కండ్లు యాడ పెట్టుకోనుండావే!" అని అరిచింది. క్యారియరు వదల్లేదు.

ఆమె వేళ్ళు క్యారియరు మీంచి విడిపించాను. సైకిలు ఎక్కలేక నడిపించుకుంటూనే ఆఫీసుకు పోయాను.

ముందు పలికింది ఆమె. అంటే నేను గెలిచాను. ఇందులో సంతోషం ఎక్కడుందో వెతుకుతున్నాను.

ఇంకో సంగతి. ఆయన రెండో కాఫీకి పోయే టైము అదే. ఈపాటికి ఆమె అంతా చెప్పేసి ఉంటుంది. ఇవాళ్టితో సైకిలు పాతసామాన్ల బండికి.

డిసెంబరు 25

ఆఫీసు సెలవు. ఆయన ఏమీ అనలేదు.

డిసెంబరు 26

ఆఫీసుకు బస్సులో పోయాను. సైకిలు ఇంట్లో దాని చోటే ఉంది. ఆయన ఏమీ అనలేదు.

సాయంకాలం ఆగలేక నేనే కదిపాను. "ఆ వీధిలో ఏంది విశేషాలు?"

"ఏముండాయి? రాజాత్తికి మోకాలు వాచిందంట. మెట్టు దిగతా ఉంటే మడత పడిందంట. పావం."

మెట్టు దిగుతూ ఉంటే!

చెప్పలేదు. ఈసారి ఆమె చెప్పలేదు. నాకోసం పరిగెత్తి వాపు తెచ్చుకుని, దాన్ని మెట్టు మీదికి తోసేసింది. వంటింట్లోకి పోయి కాసేపు నిలబడ్డాను. ఉల్లిపాయలేవీ తరగడం లేదు గనక ఆ వంక కూడా లేదు. ఏడ్చాను. నాకు మురుంగపాక్కం అంటే ఇష్టం లేదు. ఆ ఎర్రమట్టి ఇష్టం లేదు, ఆ కుక్క ఇష్టం లేదు, అంత దూరం నోరు మూసుకుని ఒక్కదాన్నే తొక్కడం అస్సలు ఇష్టం లేదు.

డిసెంబరు 27

పొద్దున సైకిలు తీశాను. మంచు లేదు.

మోకాలు వాచినా ముగ్గు మానలేదు ఆ మహాతల్లి. కానీ ఇవాళ్టి ముగ్గు వేరు. ఇటు సగం గడప వైపు, అటు సగం రోడ్డు వైపు, నడుమ పచ్చరంగు అట్లాగే వదిలేసింది. సరిగ్గా నా హ్యాండిలు పట్టేంత వెడల్పు. రెండు అంచులకూ తీగ, తీగకు చిన్నచిన్న మొగ్గలు. ఆ సందు చివర, గుమ్మానికి తిరిగేచోట, అదే సాగదీసిన చేతిరాతతో రెండక్షరాలు.

కాఫీ.

నేను ఆ సందులోంచి పోయాను. ఒక్క చుక్క చెరగలేదు. గుమ్మం ముందు ఆగి బెల్లు రెండుసార్లు కొట్టాను. బెల్లు కూడా మాట కాదు. కానీ లోపల్నుంచి ఆమె, "తలుపు తీసే ఉండాది గదా, రావే" అంది. మళ్ళీ ముందు పలికింది. ఈ మనిషికి పట్టుదల ఏమైపోయిందో!

మోకాలికి వేణ్ణీళ్ళ గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. నేనే కాఫీ కలిపాను. ఆమె చక్కెర డబ్బా ఎక్కడుంటుందో నా చెయ్యి మరిచిపోలేదు. ఆమె గ్లాసు ఆమెకిచ్చి, నాది పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"ఆయనకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే సైకిలు పోతాది."

"పోతే పోనీ అంటివి గదా అప్పుడు. వయసైపోలా అంటివి."

"అప్పుడు భయమేసిందే. నువ్వు ఆ పట్టాల మీద పడుండేది కండ్ల ముందర నుంచి పోలేదు. నోటికొచ్చింది అనేస్తి." గ్లాసు కింద పెట్టింది. "నువ్వేమో యాడాడో తిరిగి పోతా ఉండావు. ఆ మురుంగపాక్కం రోడ్డులో పడితే ఎత్తేదానికి నీకెవురుండారు? పడేదైతే మా ఇంటి ముందర వచ్చి పడు. నేనుండా."

దీప ఇన్నాళ్ళుగా అడుగుతోంది, ఏ రోడ్డు మంచి రోడ్డు ఆంటీ అని.

"పిరికి అని రాసినందుకు ఏం చెప్తావు?" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"అట్లా రాయకుంటే వచ్చేదానివా?"

పోయేముందు ఆమె గుమ్మం దాకా వచ్చి, నా సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి, కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత తనే బెల్లు రెండుసార్లు కొట్టి, పో పో, టైమైంది అంది. ఆఫీసుకు ఆలస్యమైంది. మొదటిసారి అబద్ధం చెప్పకుండా, మా వదిన ఇంట్లో ఆగానని చెప్పాను.

డిసెంబరు 30

వీధిలో వేరేవాళ్ళు కూడా రాజాత్తిని చూసి ముగ్గు నడుమ సందు వదులుతున్నారు. ఎవరి సందుకు అంచు బాగుంటుందని పోటీ కూడా మొదలైంది. పాలవాడు మళ్ళీ పచ్చదారెక్కాడు. వడియాల చాప మాత్రం కదల్లేదు. దీప సంతోషానికి అంతు లేదు. ఎవరు ఆర్డరు వేశారని ఆ పిల్ల వీధంతా అడుగుతూ తిరుగుతోంది. నన్ను అడగలేదు. అడిగినా చెప్పను.

నా దగ్గరికి మాత్రం ఫోను పట్టుకుని వచ్చింది. గీత ఇంటి నుంచి ఆఫీసు దాకా తిన్నగా ఉంది, దారంలా. మధ్యలో ఒకచోట మాత్రం లావుపాటి చుక్క.

"ఇక్కడ చాలాసేపు ఆగినట్టుంది ఆంటీ, మూడురోజులుగా. రోడ్డులో ఏదైనా ఇబ్బందా?"

"పంక్చరు" అన్నాను.

"ప్రతిరోజూ అక్కడేనా?"

"అక్కడ ముల్లుంది" అన్నాను. రాసుకుంది. దానికి గడి ఉందట.

డిసెంబరు 31

ఇవాళ కూడా పంక్చరే.